నిర్మూలింపబడును

మహారాజరాజశ్రీ కోనగుట్ట శ్రీ రామలింగేశ్వర దేవస్థాన వంశపారంపర్య ధర్మకర్తలు, విశ్రాంత గణితోపాధ్యాయులు జగదీశ్వర్ గారి సముఖమునకు, విశ్రాంత తెలుగు పండితుడు వీరరాఘవరావు నమస్కరించి వ్రాయు లేఖ.

ఈ లేఖ నెత్తిన ఊరు లేదు, తేదీ లేదు. మరచిపోయాననుకోకండి. నారాయణగూడ బడిలో ముప్పై నాలుగేళ్లు పదవ తరగతికి లేఖారచన నేర్పి, స్థలమూ తేదీ వేయని ప్రతి లేఖకూ రెండేసి మార్కులు కోసినవాడిని. పక్క గదిలో లెక్కలు చెబుతూ తమరు గోడ అవతలి నుండి నా అరుపులు విన్నారు. ఇప్పుడు కావాలనే వేయలేదు. నా భార్య ఆఖరి ఫొటోల మీద ఊరు కనబడేది, తేదీని కెమెరాయే ముద్రించింది. ఆ రెంటినీ తమ మనిషి తుడిచివేశాడు. కాబట్టి తమకు వ్రాసే లేఖల మీద అవి ఉండవు.

జరిగినది తమకు తెలియదని కాదు. తెలిసినదానినే వరుసలో పెట్టి చూపడం నా వృత్తి. నిరుడు కార్తీకంలో సులోచనను కోనగుట్టకు తీసుకొని వచ్చాను. మందులకు రాలిపోయిన ఆమె జుట్టు ఏడాది తరువాత మళ్ళీ మొలిచింది. ఆ ఏడాదంతా ఆమె ఎవరినీ ఫొటో తీయనివ్వలేదు. "పువ్వు నిలిచేంత జుట్టు రానీయండి, అప్పుడు దిగుతాను" అనేది. ఆ ఉదయం చెవి పక్కన ఒక్క చామంతి నిలిచింది. మా అమ్మాయి మాధురి ఇచ్చిన కెమెరాతో, గుడి వెలుపలి మండపంలో, లోయ కనబడే వైపున ఆమెను నిలబెట్టి తొమ్మిది ఫొటోలు తీశాను. నా జన్మలో నేను తీసిన ఫొటోలు ఆ తొమ్మిదే. పదవదానికి కన్ను ఆనించేలోపల తమ కావలివాడు బుగ్గయ్య కెమెరా గుంజుకున్నాడు. వేలితో బోర్డు చూపించాడు. ఏ మీట నొక్కాడో, తొమ్మిదీ పోయాయి.

"ఇదేమి పనిరా?" అన్నాను.

"బోర్డు మీదున్నదే చేసిన సార్. నాకు చదువొస్తది" అన్నాడు.

సరిగ్గా అప్పుడే, అదే మండపం అవతలి కొసన, ఎవరో పెద్దమనిషి కొడుకుకు పెండ్లి ఫొటోలు గొడుగు లైట్లు పెట్టి మరీ తీస్తున్నారు. ఎక్కడ నిలబడితే లోయ బాగా పడుతుందో తమరు దగ్గరుండి చూపిస్తున్నారు. నన్ను చూశారు. చూసి తల తిప్పుకున్నారు. నేను ఆ కోపంతో మెట్లు దిగి బస్సు దగ్గరకు వచ్చేశాను. సులోచన దిగి రావడానికి పావుగంట పట్టింది. మోకాళ్ల నొప్పి అనుకున్నాను.

మార్చిలో ఆమె పోయింది. దండ వేయడానికి ఫొటో లేదు. రేషన్ కార్డు ఫొటోలో మా మధ్య నుండి ఆమెను కత్తిరించి నారాయణగూడ స్టూడియోవాడు పెద్దది చేసి ఇచ్చాడు. ముఖం మసక. చెవి పక్కన, చామంతి ఉండవలసిన చోట, నా భుజం ముక్క ఒకటి మిగిలిపోయింది.

తమ బోర్డును గురించి ఒక మాట. ఏ బోర్డును చూసినా ముందు దోషాలు వెతకడం నా అలవాటు. ఆ రోజు, ఆ స్థితిలో కూడా వెతికాను. "ఆలయమున ఛాయాచిత్రములు తీయరాదు. అతిక్రమించినవారి చిత్రములు నిర్మూలింపబడును." ఒక్క దోషం లేదు. అక్షరం అక్షరం శుద్ధం. అందులోనూ ఆ "నిర్మూలింపబడును" చూడండి. కర్మణి ప్రయోగం. చేసేవాడు వాక్యంలో కనబడడు, వెనక దాక్కుంటాడు. దాక్కున్న ఆ కర్త ఎవరో నాకు తెలుసును. అతడిని చొక్కా పట్టి వెలుగులోకి ఈడ్చడానికే ఈ లేఖ.

బుగ్గయ్యను కొలువు నుండి తీసివేయండి. వచ్చే శివరాత్రి జాతరలో, అదే మండపంలో, మైకు పట్టుకొని, నేను వ్రాసి ఇచ్చే క్షమాపణను జనం ఎదుట చదవండి. కాదంటారా, తమ తాతగారి నుండి వస్తున్న ఆ ధర్మకర్త పదవిని తమ ఇంటి గడప దాటించేదాకా నిద్రపోను.

భవదీయుడు,
వీరరాఘవరావు

*

చిక్కడపల్లి,
28 జూన్ 2012

రాఘవన్నకు జగదీశ్వర్ నమస్తే.

నీ ఉత్తరం రిజిస్టర్ పోస్టుల వచ్చింది. పోస్ట్‌మన్ సంతకం పెట్టించుకుంటుంటె మా జయశ్రీ "కోర్టు నోటీసా ఏంది?" అని పరేషాన్ అయింది. అశోక్‌నగర్ నుంచి మా ఇంటికి నడిస్తే పది నిమిషాలు. ఇదివరకు గల్లీ మొగదల నుంచే "జగదీశ్వర్, చాయ్ పెట్టించు" అని కేకేసెటోనివి. ఊరు, తేదీ లేకుంటె ఏమాయె, కవరు మీద నీ చేతిరాత నేను గుర్తుపట్టనా?

అన్నా, ముప్పై ఏండ్లల్ల నన్ను ఒక్కసారి "మీరు" అనలే నువ్వు. తిట్టినప్పుడు గూడ "నువ్వు" అనే తిట్టినవ్. ఈ "తమరు" చదువుతుంటె నా పీనుగ మీద పూలు వేస్తున్నట్టున్నది.

పెండ్లి ఫోటోల ముచ్చట నిజం. ఆ పెద్దమనిషి గుట్టకు రోడ్డు వేయిస్తనన్నడు, వద్దనలేకపోయిన. తల తిప్పుకున్నది గూడ నిజం. సిగ్గయి తిప్పుకున్న. దానికి నీ ఇంటికొచ్చి కాళ్లు పట్టుకుంట. మైకుల మాత్రం చెప్ప. మా తాత నిలవడ్డ జాగ అది.

బుగ్గయ్యను ఎందుకు తీస్త? అంబర్‌పేట్ల బిల్డింగుల కాడ ఇటుకలు మోసి మోసి వాని నడుం పడిపోతే నేనే తీస్కపోయి గుట్ట మీద పెట్టిన. పెద్దల బడిల అక్షరాలు నేర్చిండు. పుస్తకం ఏడికెల్లి తెస్తడు? ఆ బోర్డే వాని పుస్తకం. రోజు వేలు పెట్టి చదివెటోడు. రాసింది రాసినట్టు చేసిండు, గంతే.

ఒక్కటి అడుగుత. నన్ను తిట్టు, కొట్టు. ఆ బోర్డు ముచ్చట మాత్రం ఇడిసిపెట్టు. దాన్ని తవ్వకు. ఎందుకు అని అడగకు. వదిన మీద నీకున్న ప్రేమ మీద ఒట్టు, అడగకు.

నీ తమ్ముడసుంటి,
జగదీశ్వర్

*

శ్రీ జగదీశ్వర్ గారికి,

స్థలమూ తేదీ యథాపూర్వం లేవు.

తమ లేఖను ఎర్రసిరాతో దిద్ది దీనికి జతపరిచాను. నలభై ఒక్క దోషాలు. ఇరవైకి ఆరు మార్కులు. "పీనుగ మీద పూలు" అన్న పోలికకు అర మార్కు వేయవచ్చునా అని ఆలోచించి, వేయలేదు.

బోర్డును తవ్వవద్దన్నారు. ఆ మాట వ్రాసి పెద్ద పొరపాటు చేశారు. తవ్వమన్న చోట తవ్వడానికి నాకు తీరిక ఉండేది కాదు, తవ్వవద్దన్న చోట తవ్వడానికి ఎంతైనా ఉన్నది. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాను. నలభై రోజులకు జవాబు వచ్చింది. పై కార్యాలయం 2009లో పంపిన ఉత్తర్వులో ఉన్నది ఇది: "గర్భాలయము లోపల ఫొటోలు తీయుట నిషిద్ధము." అంతే. మండపం మాట లేదు, ప్రాకారం మాట లేదు, కెమెరా గుంజుకొనమని లేదు, తీసిన ఫొటోలను తుడిచివేయమని అసలే లేదు.

"గర్భ" అనే రెండు అక్షరాలను ఎవరు మింగారు? అవి తమ బోర్డు మీద ఉండి ఉంటే సులోచన ఈ రోజు నా గోడ మీద చామంతితో ఉండేది. రెండు అక్షరాలు, జగదీశ్వర్ గారూ! లెక్కల మాస్టరు కదా, రెంటికి ఎంత విలువ కడతారు?

ఇక ఆ రెండవ వాక్యం. "అతిక్రమించినవారి చిత్రములు నిర్మూలింపబడును." ఇది తమ ప్రజ్ఞ కాదు. "తియ్యొద్దు" అని వ్రాసే చేయి తమది. ఎవరో పండితుడి చేత వ్రాయించారు. అంత క్రూరమైన మాటను అంత శుద్ధంగా వ్రాసిన ఆ మహానుభావుడెవరో కనుక్కొని, అతని పేరునూ ఫిర్యాదులో చేరుస్తాను. ఫిర్యాదు రేపే పంపుతున్నాను.

మొన్న మా వీధిలో పోటీ పరీక్షలకు చదువుతున్న అమ్మాయి, సంయుక్త, సందేహం తీర్చుకోవడానికి వచ్చింది. వైరి సమాసం అంటే ఏమిటి సార్ అన్నది. సంస్కృత పదాన్నీ తెలుగు పదాన్నీ పొసగకుండా అతికించడం అని చెప్పి, ఉదాహరణకు తమనూ నన్నూ చూపించాను. ఒకే స్టాఫ్ రూంలో ముప్పై ఏళ్లు అతికించి ఉంచారు, అది అతుకే కాదని ఇప్పుడు తేలింది అన్నాను. పాపం, నోట్‌బుక్కులో వ్రాసుకున్నది.

నిన్న చిక్కడపల్లి గ్రంథాలయంలో నేను ఎదుటి కుర్చీలో కూర్చోగానే తమరు పేపరు మడిచి వేరే బల్లకు మారారు. మారండి. అక్కడ బల్లలు చాలానే ఉన్నవి. అన్నింటికీ నేను వస్తాను.

వీరరాఘవరావు

*

చిక్కడపల్లి,
9 నవంబర్ 2012

రాఘవన్నా,

నీ ఫిర్యాదు మీద పై ఆఫీసు నుంచి కాయితం వచ్చింది. విచారణ అయ్యేదాక బుగ్గయ్యను పనిల ఉంచొద్దన్నరు. పోయిన సోమవారం, సంత నాడు, జనమంత చూస్తుండంగ వాని చేతిల ఉన్న కర్ర, విజిల్ తీస్కున్నం. తీస్కున్నది నేనే. ఖుషీనా?

నిన్న మా ఇంటికొచ్చిండు. లోపలికి రమ్మంటె రాలే. గడపల కూసున్నడు.

"సార్, నేను బోర్డు తప్పు చదివిన్నా?" అన్నడు.

"లేదు బుగ్గయ్యా."

"మరి నన్నెందుకు తీసిండ్రు? గా పెద్దసార్ ఇంటి అమ్మగారు నన్ను తిట్టలే. మంచిగ చదివినవ్ అన్నది."

చాయ్ ఇస్తే తాగలే. అంబర్‌పేట్ల మళ్ల ఇటుకల పనికి పోతున్నడట. అరవై రెండేండ్ల మనిషి. నడుముకు పట్టీ కట్టుకొని పోతున్నడు.

నా ఉత్తరం దిద్ది పంపినవ్ కద. నలభై ఒకటి లెక్కపెట్టిన. అందుల ముప్పై ఐదు తప్పులు కావన్నా. అది మా అమ్మ మాట్లాడిన భాష. నీ సులోచన గూడ వంటింట్ల గదే మాట్లాడేది, నువ్వు హాల్లకు రాంగనే మార్చుకునేది. ఆ సంగతి నీకు ఎరుకనా?

విచారణ మార్చిల పెట్టిన్రు. ఫిర్యాదు వాపస్ తీస్కో. ఆఖరుసారి అడుగుతున్న.

జగదీశ్వర్

*

జగదీశ్వర్ గారికి,

ఖుషీనా అని అడిగారు. ఊహించి వ్రాయడం నాకు చేతకాదు. అందుచేత మొన్న బస్సెక్కి అంబర్‌పేటకు వెళ్లాను. ఒక మూడంతస్తుల భవనం కడుతున్నారు. ఎదురుగా చాయ్ దుకాణంలో నిలబడి గంటసేపు చూశాను. తల మీద తట్ట, తట్టలో ఎనిమిది ఇటుకలు, మెట్లకు పిట్టగోడ లేదు. ప్రతి మలుపులోనూ ఆగి, ఒక చేయి గోడకు ఆనించి, మళ్ళీ ఎక్కుతున్నాడు. సంతోషించాను అని వ్రాయడానికే ఇంటికి వచ్చి కూర్చున్నాను. వ్రాస్తున్నాను: సంతోషించాను. ఈ వాక్యాన్ని రెండుసార్లు చదివి చూశాను. వ్యాకరణరీత్యా సరిగానే ఉన్నది.

సులోచన వాడిని మెచ్చుకున్నదన్నది అబద్ధం. చనిపోయినవారి నోట మాటలు పెట్టడం నేరమని తమకు ఎవరూ నేర్పలేదేమో. ఆమె వంటింటి భాషను గురించి తమరు నాకు చెప్పడం మరింత నేరం. నలభై ఏళ్లు ఆమెతో కాపురం చేసినవాడిని నేను.

ఫిర్యాదు వెనక్కి తీసుకోను. పైగా దానికి ఒక అనుబంధం పంపాను. విచారణాధికారిని కోరినది ఒక్కటే: ఆ బోర్డుకు చిత్తుప్రతి ఉండి తీరుతుంది. అసలు ఉత్తర్వు నుండి బోర్డుదాకా వచ్చే దారిలో ఎక్కడో ఎవరి చేతిలోనో "గర్భ" చచ్చింది. ఆ చిత్తుప్రతిని తెప్పించి, అది ఎవరి చేతిరాతో సభాముఖంగా తేల్చవలసినది. దొరికిన చేతికి సంకెళ్లు వేయించలేను, నాకు తెలుసు. కాని ఆ చేయి ఎవరిదో కోనగుట్ట జాతర మొత్తానికి తెలియాలి. పిల్లలు దారిలో ఆ మనిషిని చూసి "అదిగో, పండుముసలి మొగుడి చేతిలోని ఆఖరి ఫొటో తుడిపించినవాడు" అనుకోవాలి. అది చూసేదాకా నాకు ఈ బ్రతుకు చాలు.

చిత్తుప్రతిని చించివేయాలని తమకు తోచవచ్చు. చించండి. అదీ ఫిర్యాదులో చేరుతుంది.

వీరరాఘవరావు

*

చిక్కడపల్లి,
1 డిసెంబర్ 2012

అన్నా,

నువ్వు అడిగిన చిత్తుప్రతి జిరాక్స్ ఇందుల పెట్టిన. ముందు అది చూడు. చూసినంక ఈ కింది ముచ్చట చదువు.

చూసినవా?

2009ల ఉత్తర్వు రాంగనే ఒక తెల్లకాయితం మీద నేను రాసిన: "గర్భగుడిలోపల ఫోటోలు తియ్యొద్దు." గంతే రాసిన. బోర్డు కద, మంచి తెలుగుల ఉండాలె అని నీకు పంపిన. ఆ వారం నీ బల్ల మీద రెండు పెండ్లి పత్రికలు, ఒక సంతాప తీర్మానం ఉండె. వాటి నడుమ ఇది గూడ దిద్దినవ్. ఏ గుడికో, దేనికో నీకు యాదికి గూడ లేదు. అప్పుడు చిక్కడపల్లి, అశోక్‌నగర్‌ల ఎవరింట్ల పత్రిక అచ్చయినా నీ దిద్దుబాటే కద.

"గర్భగుడి" మీద ఎర్ర అడ్డగీత. మార్జిన్ల నీ అక్షరం: "వైరి సమాసము! సంస్కృతమునకు తెలుగును అతికించరాదు." పైన "ఆలయమున" అని రాసినవ్. కింద ఇంకో మాట: "ఫలితము చెప్పని నిషేధము అసంపూర్ణము. రెండవ వాక్యము చేర్చితిని."

ఆ రెండో వాక్యం ఏందో నీకు నోటికొచ్చు.

ఆ కాయితం మా ఇంటికి తెచ్చింది వదిన. లైబ్రరీల పుస్తకం వాపస్ ఇయ్యడానికి వస్తూ తెచ్చింది. గడపలనే నిలవడి నవ్వింది. "గర్భ పోయింది చూసినవా జగదీశ్వర్? మొత్తం గుడే బందయింది" అన్నది. "మరి సార్‌కు చెప్పకపోయినవా వదినా?" అన్న. "నువ్వు చెప్పరాదు, నీకంత ధైర్యముంటె" అన్నది. ఇద్దరం నవ్వుకున్నం. ఎవ్వరం చెప్పలే. నేను అట్లనే పెయింటర్‌కు ఇచ్చిన. ఉత్తర్వు కన్న ఎక్కువ రాసిందని ఎరికే. మండపంల జనం జమ కాకుండ ఉంటరు, మంచిదే అనుకున్న. రెండేండ్లు ఉంచిన. ఆ తప్పు నాది, నీది కాదు.

కార్తీకంల నువ్వు కోపంతోని దిగిపోయినంక వదిన మండపం మెట్ల మీద కూసుంది. నేను పెండ్లోళ్లను ఇడిసిపెట్టి ఉరికొచ్చిన. నీకు పావుగంట లెక్క తెలుస్తలేదు కద, ఇదే ఆ పావుగంట. "సార్‌ను పిలుస్త, చెప్పేస్త" అన్న. నా చెయ్యి పట్టుకున్నది. "ఆయన వాక్యమే కద జగదీశ్వర్, ఆయనకు యాదికి లేదు. యాది చెయ్యకు. నేను పోయినంక ఆయనకు మిగిలేది ఆ ఎర్ర పెన్ను ఒక్కటే. దాన్ని గుంజుకోకు" అన్నది. ఒట్టు పెట్టించుకున్నది.

లేచిపోయేటప్పుడు చెవి పక్కన చామంతి తీసి బుగ్గయ్య చేతిల పెట్టింది. "నీ తప్పేం లేదు, మంచిగ చదివినవ్" అన్నది. నేను అబద్ధం చెప్పలే అన్నా.

ఒట్టు ఇప్పుడు తప్పిన. నా పదవి కోసం కాదు, పోతె పోనీ. బుగ్గయ్య నిన్న మెట్ల మీద పడ్డడు. చెయ్యి ఇరగలే, బెణికింది. మళ్ల ఎక్కుతున్నడు.

అసలు కాయితం నా దగ్గర్నే ఉన్నది. విచారణల ఇయ్యమంటవా, కాలబెట్టమంటవా? నువ్వేది చెప్తె అది.

జగదీశ్వర్

*

అశోక్‌నగర్, హైదరాబాదు,
1 మార్చి 2013

జగదీశ్వర్,

స్థలమూ తేదీ వేశాను, చూశావా. కర్త దొరికాడు. ఇంక దాచవలసినది లేదు.

మూడు నెలలు జవాబు వ్రాయలేదు. ఆ జిరాక్సును ముందుంచుకొని దిద్దుతూ కూర్చున్నాను. "గర్భాలయమున" అని వ్రాసి ఉంటే సరిపోయేది. సమాసమూ చెడదు, అర్థమూ చెడదు. పదవ తరగతి పిల్లవాడికి తెలిసే సంగతి. దోషం దొరికిన సంతోషంలో అర్థాన్ని నరికివేశాను. "వైరి సమాసము" దగ్గర కలాన్ని ఎంత ఒత్తానో, ఆ గీత జిరాక్సులో కూడా నల్లగా లావుగా పడింది. అంత సంతోషించాను ఆ రోజు. ఆ కాగితానికి మార్కులు వేశాను. ఇరవైకి సున్న.

నిన్ను క్షమించాననుకోకు. భార్యా స్నేహితుడూ గడపలో నిలబడి నా తప్పును చూసి నవ్వుకున్నారు. నాకు భయపడినందుకు ఆమెను ఏమీ అనలేను, ఆ భయం నేను పెట్టినదే. కాని నవ్వుకున్న తరువాత, తప్పని తెలిసీ, దానికి రంగులు వేయించి దేవుడి ఎదుట నిలబెట్టినవాడివి నువ్వు. పెద్దమనిషి కొడుకుకు లోయ చూపించినవాడివి నువ్వు. ఒట్టు తప్పినందుకు నీ మీద కోపం. ఇంకా ముందే తప్పనందుకు అంతకంటే కోపం. ఈ రెండు కోపాలు ఒకదానితో ఒకటి పొసగవు. అయినా నాలో కలిసే ఉంటున్నవి.

ఫిర్యాదు వెనక్కి తీసుకోలేదు. అందులో రెండవ ప్రతివాదిగా నా పేరు చేర్చాను. చేరుస్తానని మాట ఇచ్చాను కదా. గుమాస్తా కళ్లజోడు తీసి నన్ను చూశాడు. "ఫిర్యాదు మీదే, ప్రతివాది మీరే, ఎట్ల కుదురుతది సార్?" అన్నాడు. "కుదరదు నాయనా, అందుకే వ్రాసుకో" అన్నాను. అసలు కాగితాన్ని కాల్చకు. విచారణలో నీ చేతితో ఇవ్వు. "ఈ ఎర్రసిరా నాది" అని నేను చెబుతాను. నీ పదవి పోతుందో ఉంటుందో వారు చూసుకుంటారు. పోవాలనే నా కోరిక. దాచను.

అంబర్‌పేటకు మళ్ళీ వెళ్లాను. ఈసారి చాయ్ దుకాణంలో నిలబడలేదు. భవనంలోకి వెళ్లి, రెండవ అంతస్తు మెట్ల మీద బుగ్గయ్య ఎదుట నిలబడ్డాను. తట్ట దించాడు.

"సార్, నేను తప్పు చదివిన్నా?" అన్నాడు. నన్ను కూడా అదే అడిగాడు.

"లేదు. సరిగ్గా చదివావు. తప్పు వ్రాసినవాడిని నేను."

నమ్మలేదు. "మీరా? గంత మంచిగుండె గద సార్ ఆ రాత! నేను గదాన్నే చూసి నేర్చుకున్న" అన్నాడు.

జగదీశ్వర్, నా సర్వీసులో నాకు వచ్చిన ప్రశంసలన్నిటిలోకీ పెద్దది అదే. దానిని మోసుకొని ఆ మెట్లు ఎలా దిగానో చెప్పలేను.

వాడి మీది ఆరోపణను మాత్రం ఫిర్యాదు నుండి కొట్టివేయించాను, మళ్ళీ కొలువుకు రమ్మన్నాను. నేను అడిగితే నువ్వు కాదనవని తెలుసు. వాడు కాదన్నాడు. "నలుగురిల తీసిండ్రు సార్. నలుగురిల పిలువుండ్రి. అప్పుడొస్త" అన్నాడు. వాడి అభిమానం చూసి నాకు అసూయ కలిగింది. వాడు అడిగినది న్యాయం. నేను నిన్ను అడిగినదీ అదే కదా, మైకు పట్టుకొని చదవమని.

చామంతి సంగతి కూడా అడిగాను. చొక్కా జేబులో పెట్టుకొని మరచిపోయాడట, వాడి భార్య ఉతుకుతుంటే ముక్కలై వచ్చిందట. కాబట్టి అదీ లేదు. వ్రాసిపెడుతున్నాను, అంతే.

కొత్త బోర్డు మీద ఈ మాటలు ఉండాలి: "గర్భగుడిలోపల ఫోటోలు తియ్యొద్దు. బయట ఎక్కడైనా దిగుండ్రి." మొదటిది నీ వాక్యమే. రెండవది సులోచన వంటింట్లో ఎలా అనేదో అలా వ్రాశాను. ఆమె ఆ భాష మాట్లాడేదన్నది నిజం. నేను హాలులోకి రాకుండా తలుపు వెనక ఆగి ఉంటే వినేవాడిని. వైరి సమాసం అలాగే ఉండనీ. ఎవరైనా పండితుడు వచ్చి దిద్దబోతే నా పేరు చెప్పి బయటకు పంపించు.

పదవ తేదీ శివరాత్రి. నీ చేత చదివించాలని నేను వ్రాసి పెట్టుకున్న క్షమాపణను చించివేశాను. దానికి బదులు ఈ లేఖను చదవాలి. మండపం అదే, మైకు అదే, చదివేవాడివీ నువ్వే. ఆ ఒక్క పగనూ వదులుకోను. బుగ్గయ్యకు ముందు వరుసలో కుర్చీ వేయించు. నేను ఎదురుగా బోర్డు కింద నిలబడతాను, కుర్చీ వద్దు. చదివే ముందు కర్ర, విజిల్ వాడి చేతికి ఇవ్వు. మాధురి వస్తుంది, ఫొటో తీస్తుంది. ఎవరూ గుంజుకోకుండా చూడు.

నీ యాసలోనే చదువు, నా యాస అనుకరించకు. నీ పేరు వచ్చిన చోట గొంతు దించకు. నా పేరు వచ్చిన చోట ఆగి, రెండవసారి చదువు. పైన ఉన్న ఊరూ తేదీ మొదలుకొని, కింద ఉన్న సంతకందాకా, ఒక్క అక్షరమైనా మింగకుండా, మెట్ల కింద బస్సు దగ్గర నిలబడినవారికి కూడా వినబడేటట్లు, ఈ లేఖను పైకి చదువు.

కర్త,
వీరరాఘవరావు